రెండో వెలుగులో ఆఖరి రీలు

నాకు ఇంగ్లీషు వచ్చని నరసరావుపేట నమ్మింది. నేనూ నమ్మాను. మిషన్ స్కూల్లో ఇంగ్లీషు మాస్టారి కొడుకుని అయ్యుండి డిగ్రీలో అదే పేపరు రెండుసార్లు తప్పాను. తప్పి, ఒక టుటోరియల్ కాలేజీలో పదో తరగతి తప్పినవాళ్ళకు అదే ఇంగ్లీషు చెబుతూ ఉండేవాణ్ణి. ఏ చెట్టూ లేని చోట ఆముదం చెట్టే మహావృక్షం. నేను ఆముదం చెట్టునని నాకు తెలిసిరావడానికి ఒక మనిషి చచ్చిపోవాల్సి వచ్చింది. ఆ మనిషి మా అక్క భర్త, నా బావ.

ఎనభైల మొదట్లో మా ఊరి సినిమాహాల్లో ఆదివారాలు మార్నింగ్ షోకి ఇంగ్లీషు బొమ్మ వేసేవాళ్ళు. మాటలన్నీ ఇంగ్లీషులోనే. చూడటానికి వచ్చేవాళ్ళు మిల్లు కూలీలు, మెకానిక్కులు, చుట్టుపక్కల ఊళ్ళ రైతులు. అందుకని మా హాల్లో ఒక పద్ధతి ఉండేది. నేల తరగతికీ బెంచీలకీ మధ్య నడవ పక్కన ఒక కుర్చీ వేసేవాళ్ళు. అందులో ఇంగ్లీషు తెలిసినవాడు కూర్చుని తెరమీద వాళ్ళు ఏమంటున్నారో గట్టిగా తెలుగులో చెప్పాలి. దాన్ని అర్థం చెప్పడం అనేవాళ్ళు. నాకు ముందు రిటైరైన రైల్వే గార్డు ఒకాయన చెప్పేవాడు. ఆయన గొంతు పోయాక కుర్చీ నాకొచ్చింది. టికెట్టు అక్కర్లేదు, ఇంటర్వెల్లో టీ ఇచ్చేవాళ్ళు. బజారులో నడుస్తుంటే ఎవరో ఒకరు నమస్కారం పెట్టేవాళ్ళు. ఇరవై మూడేళ్ళ వయసులో నాకది చాలా పెద్ద ఉద్యోగం.

అర్థం చెప్పడంలో ఒక కిటుకు ఉంది. తెరమీద మూతి కదలడం ఆగేలోపు ఏదో ఒకటి అనాలి. తడుముకుంటే వెనక బెంచీలవాళ్ళు ఈలలు వేస్తారు. తెరమీదవాళ్ళ యాసలో సగం నాకు తెలిసేది, మిగతా సగం అల్లేవాణ్ణి. కత్తి దూస్తే కోపంగా, ఆడమనిషి తల దించుకుంటే దీనంగా. నన్ను పట్టుకోగలిగినవాడు హాల్లో ఎవడూ లేడు. ఉంటే ఆ కుర్చీ వాడికే ఇచ్చేవాళ్ళు.

ఆ రోజుల్లోనే వచ్చింది వెలుగు సినిమా. అసలు పేరు వేరే, నోరు తిరగదని జనం దానికి ఆ పేరు పెట్టుకున్నారు. మొత్తం మూడు భాగాలు. మొదటిది, రెండోది మాకు ఏడాదిన్నర తేడాలో వచ్చాయి. వాటిని మొదటి వెలుగు, రెండో వెలుగు అనేవాళ్ళం. కథ ఆకాశంలో ఎక్కడో జరుగుతుంది. ఒక సూర్యుడి చుట్టూ ఇనుపచట్రం కట్టి, వెలుగుని పట్టి, తలుపుల గుండా లోకాలకు వదులుతూ ఒక దొరతనం ఏలుతూ ఉంటుంది. దగ్గరి లోకాల్లో ఎప్పుడూ పగలే. మధ్య లోకాలకు పూటకింత అని వదులుతారు. అన్నిటికన్నా చివర ఉన్న లోకానికి మాత్రం రావాల్సిన వెలుగు రాదు. వాటా ఉందని కాగితం మీద ఉంటుంది, అంతే. మొదటి భాగంలో చివరి లోకంవాళ్ళు ఆ కాగితం సంగతి తెలుసుకుంటారు. రెండో భాగంలో వంటపాత్రలూ పాత ఇనుమూ కరిగించి ఓడలు కట్టుకుని, ఆయుధాలు లేకుండా తలుపుల బురుజు దగ్గరకు పోతారు. అక్కడి ముసలి కాపలాదారు వాళ్ళను చాలాసేపు చూసి, ఏదో పెద్ద మాట చెప్పి, తలుపులు తెరుస్తాడు. చివరి లోకం మీద ఎండ పడుతుంది. జనం కళ్ళకు చేతులు అడ్డం పెట్టుకుని నవ్వుతారు. అక్కడ మా హాల్లో లైట్లు వెలిగేవి.

ఆ ముసలివాడి పెద్ద మాట నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. వెనక రైలు వెళ్తున్నట్టు వాయిద్యాలు మోగుతుంటాయి. మొదటి ఆటకే నేను ఒక మాట కట్టేశాను. "తలుపులు అందరివీ. తాళం ఒక్కటే నా దగ్గరుంది." హాలు హాలంతా చప్పట్లు కొట్టింది. ఇక తర్వాత ప్రతి ఆదివారం అదే మాట, అవే చప్పట్లు. నేను చెప్పకముందే నేలవాళ్ళు అందుకునేవాళ్ళు.

ఆ సినిమా గురించి మా ఊళ్ళో జరిగిన వాదనలు ఎన్నికలప్పుడు కూడా జరిగుండవు. అప్పుడే కొత్తగా వచ్చిన పార్టీవాళ్ళు ఇనుపచట్రం అంటే ఢిల్లీ అన్నారు. పాత పార్టీ పెద్దమనిషి ఒకాయన, తలుపులంటూ లేకపోతే లోకాలన్నీ మాడి మసైపోతాయి కాబట్టి దొరతనం చేసిందే న్యాయమని టీకొట్టు దగ్గర గంటసేపు వాదించాడు. కాలేజీ లెక్చరరు ఒకాయన అది అగ్రరాజ్యాల మీద తీసిన బొమ్మ అన్నాడు, ఏ అగ్రరాజ్యం అంటే మాత్రం చెప్పలేదు. మా పాస్టరుగారు ప్రసంగంలో ఐగుప్తు నుంచి బయటపడ్డ జనంతో పోల్చారు. సైకిల్ షాపు భాయి పంక్చరు వేస్తూ, తల ఎత్తకుండా, ఇందులో కొత్తేముంది, పీర్ల పండక్కి మేం ఏడ్చేది ఈ కథకే, దప్పికతో ఉన్నవాళ్ళకు నీళ్ళు ఆపిన కథే కదా అన్నాడు. అందరూ చివరికి నా దగ్గరకు వచ్చి, నువ్వు చెప్పు, అసలు వాడి ఉద్దేశం ఏమిటి అని అడిగేవాళ్ళు. సినిమా తీసినవాడు నాకు మేనమామ అయినట్టు నేను అందరికీ జవాబు చెప్పేవాణ్ణి. ఎవరికి కావలసింది వాళ్ళకు చెప్పేవాణ్ణి.

బావ ఎవరితోనూ వాదించలేదు. అక్కను నాదెండ్ల వైపు ఒక ఊరికి ఇచ్చాం. సాగర్ కాలువ వాళ్ళ ఊరితో ఆఖరు. ఇంజనీర్ల కాగితాల్లో ఆ ఊరి భూములకు నీళ్ళున్నాయి. కాలువ కూడా ఉంది, గట్లూ లైనింగూ అంతా లక్షణంగా ఉంది. నీళ్ళే ఉండవు. పైన ఇంకో ఊరి దగ్గర కాలువకు అడ్డంగా షట్టర్లు ఉన్నాయి. అవి దించితే నీళ్ళు ఆ ఊరి పొలాలకు మళ్ళుతాయి, ఎత్తితే కిందికి వస్తాయి. ఎవరి వంతు ఎన్ని రోజులో రాసి ఉంది గాని ఆ రాత ఎప్పుడూ కిందికి దిగలేదు. బావకు రెండున్నర ఎకరాలు. పొడుగ్గా, నల్లగా, ఎప్పుడూ ఏదో ఒక పరాచికం ఆడుతూ ఉండే మనిషి. నేను ఇంగ్లీషు తప్పిన ప్రతిసారీ "ఏందిరా బామ్మర్దీ, ఆ ఇంగ్లీషోళ్ళు నిన్నింకా వదలరా" అనేవాడు. ఆయన మాట నాకు ఎప్పుడూ కష్టం అనిపించలేదు. నాకు అన్నదమ్ములు లేరు, ఆయనే ఆ లోటు తీర్చాడు.

రెండో వెలుగు మొదటిసారి చూసిన రోజు ఆయన హాల్లోంచి మాట్లాడకుండా బయటికొచ్చాడు. నడుచుకుంటూ బస్టాండుకి వచ్చాం. సోడా తాగుతూ అప్పుడు అన్నాడు.

"ఒరేయ్, ఆడు వెలుగంటన్నాడు గానీ అది వెలుగు కాదురా. నీళ్ళు. ఆడెవడో గానీ మన కాలవ చూసే తీశాడు."

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. మొదటి భాగం నుంచీ వరసపెట్టి చెప్పుకొచ్చాడు. దగ్గరి లోకాలవాళ్ళ మొహాలు ఎందుకంత నున్నగా ఉన్నాయో, కాగితం మీద వాటా రాసి తలుపు దగ్గర ఎందుకు ఆపుతారో, చివరి లోకంలో పిల్లలు ఎందుకు ఎప్పుడూ పైకే చూస్తుంటారో. నేను అర్థం చెప్పిన సినిమాలో నాకు కనపడనివన్నీ ఆయనకు కనపడ్డాయి. అప్పుడు నాకు కాస్త అసూయ కూడా కలిగింది, ఎందుకు దాచాలి.

ఆ తర్వాత నాలుగు ఆదివారాలు మొదటి బస్సుకే వచ్చాడు. ఒకసారి ట్రాక్టరులో ఊరివాళ్ళను ముప్పై మందిని ఎక్కించుకొచ్చాడు. చర్చి మెట్లమీద కూర్చుని సినిమాకు రానివాళ్ళకు కథ చెప్పేవాడట. అక్క విసుక్కునేది. పొలం పోయినా ఫర్వాలేదు గాని ఈయనకు సినిమా పిచ్చి పట్టిందని నాకు ఉత్తరం రాసింది. నిజానికి ఆయనకు పట్టింది సినిమా పిచ్చి కాదు. నలభై ఏళ్ళు వచ్చేదాకా తన కష్టం తన ఒక్కడి ఖర్మ అనుకున్న మనిషికి, దానికొక కథ ఉందని, ఆ కథకొక ముగింపు ఉందని తెలిసింది. నలుగురినీ కూడగట్టాడు. నా మాట, ఆ తాళం మాట, వాళ్ళ ఊరి గోడమీద సున్నంతో రాశారు.

ఆ ఏడు వాళ్ళ ఊళ్ళో ధైర్యం చేసి వరి వేశారు. కార్తీకం వచ్చేసరికి పైరు పొట్టమీద ఉంది. ఒక్క తడి పడితే పండుతుంది, పడకపోతే గడ్డికి కూడా పనికిరాదు.

అప్పుడే నేను మూడోసారి ఇంగ్లీషు పేపరు రాయడానికి గుంటూరు వెళ్ళాను. శుక్రవారం పరీక్ష అయిపోయింది. సాయంత్రం దాకా బస్సు ఎక్కబుద్ధి కాలేదు. అక్కడొక హాల్లో రెండో వెలుగు మళ్ళీ వేశారని పోస్టరు చూసి వెళ్ళాను. మెత్తటి కుర్చీలు, ఫ్యాన్లు. అర్థం చెప్పేవాడు లేడు. నోరు మూసుకుని ఆ సినిమా చూడటం నాకదే మొదలు. నోరు మూసుకుంటే చెవులు పనిచేస్తాయని ఆ రోజే తెలిసింది.

ముసలి కాపలాదారు ఘట్టం వచ్చింది. పరీక్ష కోసం రెండు నెలలు రుద్దానేమో, ఆ మాట ముక్క ముక్కగా అర్థమైంది. తలుపులు అందరివీ అని వాడు అనలేదు. వాడు అన్నది ఇది: "తెరుస్తాను. కాని ముందు మధ్య లోకాల వాళ్ళ దగ్గరకు వెళ్ళి చెప్పి రండి. వాళ్ళకు వస్తున్నదీ బొటాబొటే." చివరి లోకంవాళ్ళు వినరు, అంత టైం లేదంటారు. అప్పుడు తెరుస్తాడు. ఎండ పడుతుంది. జనం నవ్వుతారు. నేను అలవాటు కొద్దీ లేచి నిలబడ్డాను. వెనకాయన కూర్చోమని భుజం మీద తట్టాడు.

ఇంకో రీలు ఉంది.

తలుపులు తెరిచాక మధ్య లోకాల్లో ఒక్కసారిగా చీకటి పడుతుంది. వాళ్ళు కూడా పేదవాళ్ళే, వాళ్ళ పిల్లలూ చలికి వణుకుతారు. ఏం జరిగిందో తెలియక, కొరకంచులు పట్టుకుని బురుజు మీదికి వస్తారు. చివరి లోకంవాళ్ళ నాయకుడు తలుపుకు అడ్డం నిలబడతాడు. వాళ్ళు అతణ్ణి చంపేస్తారు. చంపాక వెలుగులో మొహం చూసి, వీడూ మనలాంటివాడే అని తెలిసి నిలబడిపోతారు. దగ్గరి లోకాల్లో మాత్రం ఆ రోజు కూడా పగలే. వాళ్ళకు ఆ సంగతే తెలియదు. అక్కడ అయిపోయింది సినిమా.

శనివారం ఊరికి రాగానే హాలు మేనేజరు దగ్గరకు వెళ్ళాను. ఆఖరి రీలు ఏమైందని అడిగాను. ఆయన అటక మీది డబ్బాల వంక చెయ్యి చూపించాడు. తెలుగు సినిమా మ్యాట్నీ పదకొండున్నరకే వేస్తున్నారట, టైం చాలక ఆఖరి రీలు ఆపేశారట. ఎక్కడ ఆపితే బాగుంటుందో ఆపరేటరే చూసి నిర్ణయించాడట. "ఇంగ్లీషు బొమ్మకి ఎక్కడ ఆపితే అక్కడే శుభంలే మాస్టారూ" అని నవ్వాడు. నేను కూడా నవ్వి బయటికొచ్చాను. ఆయన్ను తిట్టడానికి నాకు అర్హత లేదు. ఆయన కోసింది ఒక రీలు. నేను కోసింది ఒక మాట.

ఆదివారం పొద్దున బావ టుటోరియల్ గదికి వచ్చాడు. కొత్తగా క్షవరం చేయించుకుని, తెల్ల చొక్కా వేసుకుని ఉన్నాడు. మంగళవారం పొద్దున నలభై మంది పై ఊరి షట్టర్ల దగ్గరకు వెళ్తున్నామని చెప్పాడు. కర్ర కూడా పట్టుకోరట. షట్టర్లు ఎత్తే హ్యాండిలు లష్కరు దగ్గర ఉంటుంది, లష్కరంటే కాలువ కాపలా ఉద్యోగి. అతను కూడా మన సినిమా రెండుసార్లు చూశాడు, ఇస్తాడు అన్నాడు. పై ఊరివాళ్ళు ఊరుకుంటారా బావా అని మాత్రం అడిగాను.

"తలుపులు తీసినాక ఇంకేముందిరా, అయిపోయిద్ది. నువ్వేగా అర్థం చెప్పింది."

అదిగో, అప్పుడు చెప్పాలి. నోటిదాకా వచ్చింది. ఆ మాట నేను కట్టిందని, ఆ ముసలివాడు వేరే చెప్పాడని, ఇంకో రీలు ఉందని. ఎందుకు చెప్పలేదో ఇన్నేళ్ళుగా రకరకాలుగా సర్దిచెప్పుకున్నాను. ఆయన సంతోషం పాడుచేయలేకపోయానని కొన్నాళ్ళు. సినిమా వేరు, కాలువ వేరు అనుకున్నానని కొన్నాళ్ళు. అవన్నీ అబద్ధాలు. నలభై మంది ముందు, ఒక ఊరి గోడ ముందు, ఇంగ్లీషు రానివాణ్ణని తేలిపోతానని సిగ్గుపడ్డాను. అంతే. ఆయన ప్రాణం కన్నా నా కుర్చీ నాకు ముద్దయింది. ఆయన టీ తాగి, నా భుజం మీద ఒకటి చరిచి, అక్కకు తలనొప్పి మాత్రలు కొనుక్కుని బస్సెక్కాడు.

మంగళవారం జరిగిందీ బుధవారం జరిగిందీ నేను చూడలేదు. చూసినవాళ్ళు చెప్పింది రాస్తున్నాను. నలభై మందీ పొద్దున ఎనిమిదింటికి షట్టర్ల దగ్గర కూర్చున్నారు. లష్కరు వచ్చాడు. బావ గోడమీది మాటే అతనితో అన్నాడు. లష్కరు కాసేపు తల వంచుకుని నిలబడి, ఇంట్లోంచి హ్యాండిలు తెచ్చి ఇచ్చాడు. షట్టర్లు లేచాయి. మధ్యాహ్నానికి నీళ్ళు కింది ఊరికి చేరాయి. బస్సు కండక్టరు చేత నాకు కబురు వచ్చింది, తలుపులు తీశారని చెప్పమన్నాడు మీ బావ అని. నేను ఎగిరి గంతేశాను. క్లాసులో పిల్లలకు లడ్డూలు పంచాను. సినిమా తీసినవాడిదే తప్పు, నా అర్థమే నిజమైంది అనుకున్నాను. ఆ లడ్డూల సంగతి ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

బుధవారం పొద్దునకు తక్కినవాళ్ళంతా ఎవరి పొలంలోకి వాళ్ళు నీళ్ళు కట్టుకోవడానికి వెళ్ళిపోయారు. షట్టర్ల దగ్గర బావ, ఇంకో ఇద్దరు మిగిలారు. పై ఊరివాళ్ళ పైరు కూడా పొట్టమీదే ఉంది. తెల్లారి చూస్తే వాళ్ళ పిల్లకాలువ ఎండిపోయి ఉంది. పొలం పనికి బయల్దేరినవాళ్ళు ఉన్నవాళ్ళు ఉన్నట్టే పారలతో వచ్చారు. చంపాలని వచ్చినవాళ్ళు కాదు. షట్టర్లు దించమన్నారు. బావ హ్యాండిలుకు అడ్డం నిలబడ్డాడు. తోపులాటలో ఎవరిదో పార కామ తగిలి కాలువ సిమెంటు గట్టుకు తల కొట్టుకుని పడ్డాడు. ఎవరి పారో ఈ రోజుకూ తెలియదు. అరుపులు విని అందరికన్నా ముందు పరుగెత్తుకొచ్చింది ఆయన సొంత అక్క. ఆమె ఆ పై ఊరి కోడలు. ఆమె ఒళ్ళోనే తల పెట్టుకుని జీపులో తీసుకొచ్చారు. నరసరావుపేటలో చూసి గుంటూరు తీసుకుపొమ్మన్నారు. అక్కడ జీపులో నేను కూడా ఎక్కాను. గుంటూరు చేరకముందే పోయాడు. దారిలో ఒక్కసారి కళ్ళు తెరిచాడు గాని నా వైపు చూడలేదు.

సమాధి దగ్గరకు పై ఊరి పెద్దాయన ఒకడు వచ్చాడు. రాడనుకున్నాం. దూరంగా తుమ్మచెట్టు కింద నిలబడి, అందరూ వెళ్ళాక నా దగ్గరకు వచ్చాడు. నన్ను గుర్తుపట్టాడు.

"మాస్టారూ, మేం గూడా ట్రాక్టరేసుకొచ్చి చూశామయ్యా ఆ సినిమా. ఆ కొసాకరి లోకం మేమేననుకున్నాం. మా పైన గూడా ఊళ్ళుండాయి గదా."

ఆయన కళ్ళు తుడుచుకుంటూ గట్టు వెంబడి వెళ్ళిపోయాడు. ఎవరిని అడిగినా చివరి లోకం తమదే అంటారు. మధ్య లోకంలో ఉన్నామని ఒప్పుకున్నవాణ్ణి నేను ఈ పల్నాట్లో ఒక్కణ్ణి కూడా చూడలేదు.

ఆ ఒక్క తడికి బావ చేను పండింది. ఏడుస్తూనే అక్క కోత కోయించింది. ఒక బస్తా బియ్యం నాకు పంపింది. ఏ పంట పండినా బావమరిదికి మొదటి బస్తా పంపడం ఆయన అలవాటు, మానలేకపోయిందట. ఆ అన్నం నేను తిన్నాను. తినకపోతే ఎందుకు తినలేదని అడుగుతుందని భయపడి తిన్నాను. కుర్చీ మాత్రం వదిలేశాను. గొంతు బాగాలేదని మేనేజరుతో చెప్పాను. ఇంగ్లీషు పేపరు ఆసారి పాసయ్యాను.

రెండేళ్ళకు మూడో వెలుగు వచ్చింది. అక్క ఒక ఆదివారం కబురు లేకుండా బస్సు దిగింది. మూడోది వచ్చాక నిన్ను కూడా తీసుకుపోతానని బావ మాటిచ్చాడట. ఆయన లేకపోయినా చూడాలని వచ్చింది. అక్క ఎప్పుడూ ఇంగ్లీషు సినిమా చూడలేదు. హాలు ఎదురుగా టీకొట్టు బల్లమీద కూర్చుని, ముందు రెండు కథలూ చెప్పరా, లేకపోతే మూడోది నాకు అర్థం కాదు అంది. ఆటకు ఇంకా ముప్పావుగంట ఉంది. చెప్పాను. తలుపులు తెరుచుకునేదాకా చెప్పి ఆగాను. అక్క తల ఊపింది.

"ఆయన గూడా ఎప్పుడూ ఆడిదాకే చెప్పేవోడు. ఎండ పడిందంటే ఇంక ఆయన మొహం చూడాలి."

అక్కడితో ఊరుకుంటే సరిపోయేది. కాని ముందు ఆదివారమే నేను చూశాను, మూడో భాగం ఆ నాయకుడి శవం దగ్గరే మొదలవుతుంది. లోపలికి వెళ్ళిన మొదటి నిమిషంలో అక్క అది చూస్తుంది. ఇంకో దారి లేక చెప్పాను. ఇంకో రీలు ఉందని, అందులో ఏముందో, ముసలివాడు నిజంగా ఏమన్నాడో అంతా చెప్పాను. గోడమీది మాట నేను కట్టిందని చెప్పాను. చెబుతున్నంతసేపూ రోడ్డువైపే చూశాను. అయిపోయాక అక్క అడిగింది.

"నీకెప్పుడు తెలిసింది ఇదంతా?"

తర్వాత తెలిసిందని అనొచ్చు. అక్క నమ్మేది. జన్మలో నేను చెప్పిన ఏ మాటనూ అక్క కాదనలేదు. ఆ మంగళవారానికి ముందు శుక్రవారం తెలిసిందని చెప్పాను. ఆదివారం బావ నా గదికి వచ్చాడని కూడా చెప్పాను.

హాలు తలుపులు తీశారు, జనం లోపలికి వెళ్తున్నారు. నేను దణ్ణం పెట్టబోయాను. అక్క నా చెయ్యి పట్టుకుని కిందికి దించింది. కోపంగా కాదు, బిడ్డ చెయ్యి మురికిలో పెడుతుంటే ఆపినట్టు.

"వద్దని చెబితే ఆగేవోడు కాదురా. నాకు తెలుసు, మొండోడు. పైనూరోళ్ళకి ముందు చెప్పి రమ్మంటే మాత్రం పోయేవోడు. వాళ్ళక్క ఇల్లు ఆడే గదా. ఆదివారం సాయంత్రం పోయి, అన్నం తిని, అడిగొచ్చేవోడు."

ఆమె కళ్ళు తడి కాలేదు. పైట సర్దుకుని, సినిమా వద్దులే అంది. బస్టాండు దాకా నాతోపాటు నడిచింది. చిలకలూరిపేట బస్సు వస్తే ఎక్కి, కిటికీ పక్క సీటులో కూర్చుంది. మధ్యాహ్నం అన్నం ఏమన్నా వండుకున్నావా అని అడిగింది. వండుకున్నానన్నాను. బస్సు కదిలింది.